మీరు ఆదా చేసిన మొత్తం

ఏ సూపర్‌మార్కెట్ బిల్లయినా తీసి చూడండి. అడుగున నక్షత్రాల మధ్య ఒక శుభవార్త ఉంటుంది: 'ఈ రోజు మీరు ఆదా చేసిన మొత్తం రూ. 612.' కట్టింది నాలుగు వేల చిల్లర. అది మామూలు అక్షరాల్లో ఉంటుంది, ఆదా మాత్రం లావుపాటి అక్షరాల్లో. మా బావగారు ఈ బిల్లుల్ని పారెయ్యరు. రబ్బరు బ్యాండు వేసి బీరువాలో దాస్తారు. ఆ అడుగు అంకెలన్నీ కూడితే ఈపాటికి ఊరి చివర రెండొందల గజాల స్థలం కొని ఉండాలాయన. ఆదా అయిన డబ్బు ఎక్కడుంది బావగారూ అంటే, "ఖర్చు కాకుండా ఆగింది కదయ్యా, అదే!" అంటారు. ఆగింది ఎక్కడో ఒకచోట ఆగి ఉండాలి కదా! బ్యాంకులో లేదు, పోపుల డబ్బాలో లేదు. ఉన్నదల్లా ఆ బిల్లు మీదే.

తగ్గింపులో కొనడమే పొదుపు అన్న ఈ కొత్త మతానికి మూలవిరాట్టు ఎమ్మార్పీ. ప్యాకెట్ మీద వేసిన ధరకు మించి అమ్మకూడదని తూనికలు కొలతల చట్టం చెబుతోంది. మంచిదే. అయితే ఆ ధర ఎంత వెయ్యాలన్నది, కొన్ని మందులూ అలాంటివీ మినహాయిస్తే, తయారుచేసేవాడి దయే. 120కి అమ్మదలచిన సరుకు మీద 200 అచ్చువేసి, దాని మీద అడ్డగీత కొట్టి, పక్కనే 120 అని రాస్తే చాలు, 40 శాతం తగ్గింపు పుట్టేసింది. మనకి 80 రూపాయలు మిగిలిపోయాయి. ఆ 80 ఏనాడూ వాడి గల్లాలో లేదు, మన జేబులోనూ లేదు. అడ్డగీత కింద పుట్టింది, బిల్లు అడుగున పోయింది.

ఇక యాప్‌ల పొదుపు సంగతి. రాత్రి చారు మరుగుతుండగా ఇంట్లో కొత్తిమీర లేదని తెలుస్తుంది. వీధి మొదట్లో బండి మీద పది రూపాయలకి కట్ట ఇస్తాడు, నాలుగు రెబ్బలు కరివేపాకు ఊరికే పడేస్తాడు. కానీ పాపం బండివాడికి 'మీరు ఆదా చేశారు' అనడం రాదు. యాప్‌కి వచ్చు. అందులో కొత్తిమీర 12, డెలివరీ చార్జీ 30. 'ఇంకో 187 రూపాయల సరుకు వేస్తే డెలివరీ ఉచితం' అని ఊరిస్తుంది. ముప్పై రూపాయలు ఎందుకు తగలెయ్యాలని ఒక చిప్స్ ప్యాకెట్టు, రెండు చాక్లెట్లు, ఇంట్లో ఎవరు తింటారో ఎవరికీ తెలియని స్ట్రాబెర్రీ పెరుగు బుట్టలో పడతాయి. లెక్క 199 చేరగానే తెర నిండా రంగు కాగితాలు ఎగురుతాయి, ఇంట్లో ఎవరికో సివిల్స్‌లో ర్యాంకు వచ్చినట్టు! ఆపైన హ్యాండ్లింగ్ ఫీజు ఒకటి. వాన పడుతుంటే వాన ఫీజు ఇంకొకటి. సంచీ విప్పితే పెరుగు డబ్బా కింద కొత్తిమీర నలిగి పడుంటుంది. ముప్పై మిగల్చడానికి రెండొందలు పెట్టిన ఈ మహానుభావులే మళ్లీ పొద్దున్న ఆటో ఆయనతో పది రూపాయల దగ్గర పేచీ పెట్టుకుంటారు.

తప్పంతా కొనేవాళ్లదే అనడం అన్యాయం. అవతలివాళ్ల పనితనం సామాన్యమైంది కాదు. 'రెండే మిగిలాయి, త్వరపడండి' అని లేని తొందర పుట్టించడం, అడగనిదాన్ని బుట్టలో చేర్చడం, వద్దంటే 'నాకు డబ్బు ఆదా చేసుకోవడం ఇష్టం లేదు' అనే మీట మన చేతే నొక్కించి సిగ్గుపడేలా చేయడం, ఆఖరి మెట్టు దాకా దాచిన చార్జీలను అక్కడ ఒక్కొక్కటీ బయటపెట్టడం. ఇలాంటి పన్నాగాలకు డార్క్ ప్యాటర్న్స్ అని పేరుపెట్టి, 13 రకాలు లెక్కగట్టి, ఇవేవీ కూడవని కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2023 నవంబరులో మార్గదర్శకాలు ఇచ్చింది. అరవైనాలుగు కళల్లో చోరకళ ఒకటంటారు పెద్దలు. దానికి 13 శాఖలు తెరిచిన ఘనత మాత్రం మన కాలానిదే.

ఫోను లేనివాళ్లకు ఆషాఢం ఉంది. పెళ్లిళ్లు ఉండవు, ముహూర్తాలు ఉండవు, బట్టల కొట్లలో ఈగలు తోలుకునే నెల. దాన్ని కొనుగోళ్ల పండగగా మార్చిన బుర్రకి దండం పెట్టాలి. ఒకటి కొంటే రెండు ఉచితం. ఇంకా ముచ్చటేమిటంటే, కిలోల లెక్కన చీరలు. నేత చూసి, అంచు చూసి, కొంగు పరిచి బేరమాడిన జాతి ఇవాళ కాటా ముందు నిలబడి "ఇంకో రెండొందల గ్రాములకి ఏదైనా జాకెట్టు ముక్క వెయ్యి బాబూ" అంటోంది. మూడు చీరల్లో ఒకటి కట్టేది, ఒకటి ఎవరికైనా పెట్టేది, మూడోది ఎందుకు కొన్నామో గుర్తులేనిది. ఆ మూడోదాన్ని దాచడానికి శ్రావణంలో కొత్త బీరువా కొంటాం. దాని మీద కూడా తగ్గింపు ఉంటుంది లెండి.

డబ్బే లేకపోతే? అప్పుడూ ఆదా చేసుకోవచ్చు, వడ్డీ లేని వాయిదాలున్నాయి. సున్నా వడ్డీ అనేదే అసలు లేదని రిజర్వ్ బ్యాంకు 2013లోనే బ్యాంకులకు చెప్పింది. అందుకని సున్నా వడ్డీ పోయి 'నో కాస్ట్' వచ్చింది. వేషం మారింది, నాటకం అదే. మామూలుగా ఇవ్వాల్సిన తగ్గింపును వడ్డీ కింద సర్దేసి, చాలాచోట్ల ప్రాసెసింగ్ ఫీజూ, వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ పైన వడ్డిస్తారు.

ఇక 'పెద్ద ప్యాకెట్టు కొంటే చవక' అనే వేదవాక్యం. ప్యాకెట్ మీద గ్రాముకి ఎంత, మిల్లీలీటరుకి ఎంత పడుతుందో ముద్రించాలని 2021లో నిబంధన సవరించారు. ముద్రిస్తున్నారు కూడా, చీమ కళ్లద్దాలు పెట్టుకుంటే చదవగలిగేటంత సైజులో. చదివితే నవ్వొస్తుంది. మన దేశంలో షాంపూ సీసా కంటే కూలికి వెళ్లే మనిషి కొట్టు ముందు వేలాడే దండలోంచి తెంపుకునే రెండు రూపాయల ప్యాకెట్టే చాలాసార్లు చవక. 20 శాతం తగ్గింపులో సీసా కొన్న తెలివైనవాడు ఆ మనిషికి పొదుపు మీద నీతులు చెబుతాడు.

మరి తగ్గింపులన్నీ దగాయేనా? కాదు. ఎలాగూ కొనే కందిపప్పూ నూనే సబ్బులూ చవగ్గా దొరికితే కొనాల్సిందే. ఎలాగూ అన్న మాట దగ్గరే పేచీ అంతా. వెనకటి కిరాణా కొట్లో మనకీ సరుక్కీ మధ్య ఒక బల్ల అడ్డం ఉండేది. చీటీ ఇస్తే శెట్టిగారు చీటీలో ఉన్నదే కట్టేవారు. తూకంలో చెయ్యి ఆడించారేమో గానీ, చీటీలో లేని స్ట్రాబెర్రీ పెరుగు మాత్రం అంటగట్టలేదు. సూపర్‌మార్కెట్ ఆ బల్ల తీసేసి మన చేతికి బండి ఇచ్చింది. పాలు కావాలంటే కొట్టు చివరిదాకా నడవాలి, దారిపొడుగునా ఆఫర్లు. బయటపడబోతే బిల్లు కౌంటరు దగ్గర సరిగ్గా పిల్లల కంటి ఎత్తున చాక్లెట్లు.

కాబట్టి ప్రభుత్వానికి నాదొక విన్నపం. ప్యాకెట్ మీద బరువు వెయ్యమన్నారు, తేదీ వెయ్యమన్నారు, శాకాహారమైతే పచ్చచుక్క పెట్టమన్నారు. బిల్లు మీద ఇంకొక్క వరస వేయించండి: 'ఇంటి నుంచి రాసుకురాకుండా మీరు కొన్న సరుకు విలువ రూ. ఇంత.' ఆదా అంకె పక్కనే, అంతే లావు అక్షరాల్లో. ఏ కొట్టువాడూ దీనికి ఒప్పుకోడని తెలుసు. అందాకా బిల్లు వెనక్కి తిప్పి ఆ లెక్క మనమే రాసుకోవాలి. పెన్ను లేదంటారా? కౌంటరు పక్కనే ఉంటాయి, ఒకటి కొంటే ఒకటి ఉచితం.