కంట్రోల్, షిఫ్ట్, టీ

కంట్రోల్ పట్టుకుని డబ్ల్యూ నొక్కితే బ్రౌజర్‌లో ట్యాబు మూసుకుపోతుంది. కంట్రోల్, షిఫ్ట్ రెండూ పట్టుకుని టీ నొక్కితే మూసింది తిరిగొస్తుంది. డబ్ల్యూకీ టీకీ మధ్య ఉన్నవి రెండే మీటలు. పాపానికీ పరిహారానికీ ఇంత తక్కువ దూరం కదిరి నరసింహస్వామి గుడి ముందర కూడా ఉండదు.

మా నల్లచెరువులో ఈ విద్య నెట్ సెంటరు అబ్బాయిది. అడంగల్, కరెంటు బిల్లు, హాల్‌టికెట్టు, తిరుమల దర్శనం... అన్నీ ఒకేసారి తెరిచిపెడతాడు. ట్యాబుల మీద పేర్లు నలిగిపోయి చిన్నచిన్న బొమ్మలే మిగులుతాయి. మొన్న వాటిలో ఏదో మూయబోయి ఓ పెద్దాయన దరఖాస్తు మూసేశాడు. అదీ, "మనది అనంతపురం కాదు తాతా, 2022 నుంచి శ్రీ సత్యసాయి జిల్లా" అని అంతసేపు నచ్చజెప్పి నింపింది.

"యాడికి పోయిందిరా?"

"యాడికీ పోలేదు తాతా. కంట్రోల్, షిఫ్ట్, టీ!"

"టీ తర్వాత తాగుదువులే. ముందు నా కాగితం తెప్పించు."

పేజీ వచ్చింది. అందులో పేరు లేదు, సర్వే నంబరు లేదు. 'సెషన్ ముగిసింది, మళ్లీ లాగిన్ అవ్వండి' అని మాత్రం ఉంది. బ్రౌజర్ పేజీ చిరునామాను దాచుకుంటుంది. మనమెవరో గుర్తుంచుకోవాల్సింది అవతలి సర్వరు. కాసేపు పలకరించకపోతే దానికి మనం పరాయివాళ్లం.

అబ్బాయి పట్టు వదల్లేదు, టీ నొక్కుతూనే పోయాడు. చివర మూసింది ముందు, దానికి ముందు మూసింది తర్వాత... క్రికెట్ స్కోరు లేచింది, ఎవరిదో మార్కుల జాబితా లేచింది, ఆ తర్వాత పెళ్లిసంబంధాల సైటు లేచింది. బెంచీ మీది జనం మెడలు చాచారు. పెద్దాయన దరఖాస్తు సంగతే మరిచిపోయాడు. "మీదే ఊరు అబ్బయా? తనకల్లులో మావాళ్ల పిల్ల ఉంది!"

క్రోమ్, ఎడ్జ్, ఫైర్‌ఫాక్స్ మూడింట్లోనూ టీ పనిచేస్తుంది. విండో మొత్తం పోతే ఫైర్‌ఫాక్స్‌లో టీ బదులు ఎన్ నొక్కినా వస్తుంది. ఆ అలవాటుతో క్రోమ్‌లో ఎన్ నొక్కారా, పాతది రాదు సరికదా, చరిత్ర రాయని ఇన్‌కాగ్నిటో విండో తెరుచుకుంటుంది. పక్కవాళ్లు మనల్ని అదో రకంగా చూస్తారు.

కాబట్టి పదిమంది వాడే కంప్యూటర్లో ట్యాబు మూసేస్తే చాలదు, లాగౌట్ అయ్యి లేవండి. మీ తర్వాత కూర్చున్నవాడికీ టీ అలవాటు ఉండొచ్చు. ఇన్‌కాగ్నిటోలో మూసినవి ఏ మీటకూ తిరిగిరావు. అవి పోయాయని బాధపడినవాణ్ని మాత్రం నేనింతవరకూ చూడలేదు.