మౌస్ ముట్టుకుంటే మైల

మా మేనల్లుడు ఈమధ్య మడి కట్టుకున్నాడు. సంధ్యావందనం జోలికి ఎన్నడూ పోనివాడు, వెల్లుల్లి లేనిదే ముద్ద దిగనివాడు, వాడికి మడేమిటా అనుకోకండి. ఇది మౌస్ మడి. గచ్చిబౌలిలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. జీమెయిల్ తెరిచి ఉన్నంతసేపూ మౌస్ తాకడు. పొరపాటున వేలు తగిలిందంటే చేయి చటుక్కున వెనక్కి లాక్కుంటాడు. మొన్న ఆదివారం వాడి ల్యాప్‌టాప్‌లో నా ఉత్తరాలు చూసుకుందామని మౌస్ మీద చేయి వేశానో లేదో, "మామయ్యా, ముట్టుకోకండి!" అని కేకేశాడు. పెరట్లో తడిచీర ఆరేసుకుంటున్న మా అమ్మమ్మ గొంతు అచ్చంగా వినిపించింది.

ఎందుకురా ఇంత నిష్ఠ అంటే లెక్క చెప్పాడు. చేయి కీబోర్డు వదిలి మౌస్ దాకా వెళ్లి రావడానికి మెయిల్‌కు రెండు సెకన్లు. రోజుకు వంద మెయిళ్లు. ఏడాదికి 240 పనిదినాలు. గుణిస్తే 48,000 సెకన్లు, అంటే 13 గంటల 20 నిమిషాల మిగులు. గుణకారంలో తప్పు లేదు, కాగితం మీద వేసి చూశాను. మిగిలిన ఆ పదమూడు గంటలు ఎక్కడ దాచాడో మాత్రం ఇంతవరకూ చూపించలేదు. అవి సంక్రాంతి బోనసులా ఒకేసారి చేతికి రావు కదా! రోజుకు 3 నిమిషాల 20 సెకన్లు, అదీ రెండేసి సెకన్ల చిల్లరగా రాలతాయి. ఆ చిల్లరంతా ఏరి మూటగట్టుకుని ఇంటికి బయల్దేరితే దారిలో ఒక్క ఎర్రదీపం చాలు, మూట ఖాళీ.

ఇంతకీ ఆ రెండు సెకన్ల అంకె ఎక్కడిది? వాడి వేళ్లకు అలా తోచింది. ఆపిల్‌లో పనిచేసిన బ్రూస్ టోగ్నాజినీ అనే ఆయన 1980ల చివర్లోనే ఈ తోచడం సంగతి రాశాడు. అడిగితే జనం కీబోర్డే వేగమన్నారట, స్టాప్‌వాచ్ మాత్రం మౌస్ వేగమందట. ఏ మీట నొక్కాలో గుర్తుచేసుకోవడానికి రెండు సెకన్లు పడుతుంది, ఆ రెండు సెకన్లూ మనిషికి గుర్తుండవు అని ఆయన వాదన. ఆపిల్ అప్పట్లో మౌస్‌ను ఊరేగిస్తున్న కంపెనీ కనుక ఆ మాటను సగం తగ్గించే వినండి. చేయి తిరిగినవాడికి ఆ తడబాటు ఉండదన్నదీ నిజమే. కానీ మావాడు నాకు ఈ మహిమ చూపిస్తున్న పది నిమిషాల్లో మూడుసార్లు షిఫ్ట్ పట్టుకుని ప్రశ్నార్థకం నొక్కి మీటల పట్టిక తెరిచాడు. ఆ సెకన్లు ఏ ఖాతాలో రాశాడో అడగలేదు. మేనల్లుడు కదా.

కిందికి దిగడానికి ‘జే’, పైకి ఎక్కడానికి ‘కే’. ఈ రెండక్షరాలే ఎందుకంటే "అది స్టాండర్డ్ మామయ్యా" అన్నాడు. ఆ స్టాండర్డు పుట్టుపూర్వోత్తరాలు ఇవి. 1976లో బర్కిలీలో బిల్ జాయ్ అనే విద్యార్థి ఒక ఎడిటర్ రాశాడు, అదే తర్వాత వీఐ అయింది. ఆయన ముందున్న టెర్మినల్ పేరు ఏడీఎం-3ఏ. పాపం దానికి బాణాల మీటలు విడిగా లేవు. హెచ్, జే, కే, ఎల్ మీటల మీదే బాణం గుర్తులు అచ్చేశారు. వేరే దారి లేక ఆయన వాటినే వాడుకున్నాడు. మావాడి ల్యాప్‌టాప్‌లో నాలుగు బాణాలూ కుడివైపు మూల బుద్ధిగా కూర్చుని ఉన్నాయి, డబ్బిచ్చి కొన్నవే. వంటింట్లో కుళాయి పెట్టుకుని, తాతగారు చేదబావిలో తోడేవారు కనుక మడినీళ్లకు నేనూ బావికే పోతానన్నట్టుంది.

ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు రాసుకునే మనకు ఈ మీటలతో అసలు చిక్కు. జీమెయిల్ వీటిని మామూలుగా ఆపే ఉంచుతుంది. సెట్టింగుల్లోకి వెళ్లి ఆన్ చేసుకున్నాక, జవాబు పెట్టె తెరవడం మరిచి నేరుగా టైపు మొదలెట్టామా, అంతే సంగతులు. ‘ఎలా ఉన్నారు’ అని రాయబోండి. మొదటి అక్షరం ‘ఈ’ తోనే ఆ ఉత్తరం ఆర్కైవ్‌లోకి, అంటే అటక మీదికి, పోతుంది. క్షేమం అడగబోతే మనిషే మాయం! ‘మామయ్యా’ అందామంటే ‘ఎమ్’, మ్యూట్. ఆ వరసలో వచ్చే జవాబులు ఇక మామూలుగా ఇన్‌బాక్స్ గడప తొక్కవు. మావాడు నా ఉత్తరాలకు ఎందుకు పలకడో నాకప్పుడు అర్థమైంది. ‘అమ్మా’ అంటే ‘ఏ’, అందరికీ జవాబు. అమ్మతో చెప్పుకోవాల్సిన గోడుకు ఆఫీసంతా శ్రోతలుగా సిద్ధం. ‘నాన్నా’ అంటే ‘ఎన్’, వరసలో తర్వాతి ఉత్తరానికి దాటెయ్యడం, ఏ ఇంట్లోనైనా నాన్న మాటకు జరిగేదే. ‘జీతం’ అంటే ‘జే’, చల్లగా ఇంకో ఉత్తరానికి జారిపోతుంది, హెచ్ఆర్ వాళ్ల దగ్గర నేర్చుకున్నట్టుంది. ‘సార్’ అంటే ‘ఎస్’, నక్షత్రం. ఈ ఒక్క మీట మాత్రం మన ఆఫీసుల్లో పదేళ్లు పనిచేసినవాడెవడో పెట్టి ఉండాలి.

పోనీ ఒకసారి నేర్చుకుంటే జన్మంతా పనికొస్తుందా అంటే, ఏ మఠం మంత్రం ఆ మఠానిదే. జీమెయిల్‌లో అందరికీ జవాబిచ్చే ‘ఏ’ థండర్‌బర్డ్‌లో ఉత్తరాన్ని అటకెక్కిస్తుంది. అక్కడ అలవాటైన వేలు ఇక్కడ పడితే, దాచుకుందామనుకున్న ఉత్తరానికి ఊరందరి పేర్లతో జవాబు తెరుచుకుంటుంది. ఇక్కడ కిందికి దించే ‘జే’ అక్కడ ‘ఇది చెత్త’ అని ముద్ర కొడుతుంది. పాత అవుట్‌లుక్‌లో కంట్రోల్ పట్టుకుని ‘ఎఫ్’ నొక్కితే, లోకమంతా వెతకడానికి వాడే జత అది, ఉత్తరం ఇంకొకరికి ఫార్వర్డ్ కావడానికి తయారవుతుంది.

ఈ మడికి దక్షిణ కూడా ఉంది. అమెరికాలో సూపర్‌హ్యూమన్ అనే మెయిల్ ప్రోగ్రాం వేగమే నా మహిమ అంటూ నెలకు 30 డాలర్లు పుచ్చుకునేది. మొదట్లో చేరినవాళ్లకు ఒక మనిషిని వీడియోలో ఎదురుగా కూర్చోబెట్టి మరీ మీటలు నేర్పించేది. ఉత్తరాలు చదవడానికి ఉపనయనం!

అందరినీ ఒకే గాటన కట్టను. చూపు లేనివాళ్లు ఎన్‌వీడీఏ లాంటి తెర చదివే ప్రోగ్రాంతో పనిచేస్తారు, వాళ్లకు మీటలే దారి. మణికట్టు నొప్పివాళ్లకూ అంతే. శుభలేఖలు కొట్టే డీటీపీ ఆపరేటర్ పేజ్‌మేకర్‌లో కంట్రోల్ ‘డీ’ నొక్కి వినాయకుడి బొమ్మ దించుతుంటే చూడముచ్చటగా ఉంటుంది, ఆయన దాని మీద ఎవరికీ ఉపన్యాసం ఇవ్వడు. నిజానికి ఈ ఒంటి అక్షరాల మీటలు అవసరమున్నవాళ్లకే అడ్డం. ఎన్‌వీడీఏలో ‘కే’ అంటే తర్వాతి లింకు, మరి జీమెయిల్ ‘కే’ ఎక్కడ పెట్టుకోవాలి? నోటిమాటతో కంప్యూటర్ నడిపేవాళ్లకైతే పలికిన మాటలోని అక్షరాలే ఆజ్ఞలైపోయే గండం. అందుకే 2018లో వచ్చిన డబ్ల్యూసీఏజీ 2.1 అనే వెబ్ అందుబాటు ప్రమాణాల్లో ఇలాంటి మీటలను ఆపుకునేందుకో మార్చుకునేందుకో వీలుండాలని నియమం చేర్చారు.

ఇంత వేగంగా మావాడు పంపేదేమిటో కూడా చూశాను. ‘నోటెడ్.’ ‘ప్లీజ్ డు ద నీడ్‌ఫుల్.’ ‘జెంటిల్ రిమైండర్.’ ఆ పైన దానికే ఇంకో జెంటిల్ రిమైండర్. ఏం రాయాలో ఆలోచించడానికి పట్టే కాలాన్ని ఏ మీటా తగ్గించలేదు కనుక మావాడు ఆలోచననే తగ్గించుకున్నాడు. ముప్పై జవాబులు కొట్టి ఇన్‌బాక్స్ సున్నా చేసి కాలర్ ఎగరేశాడు. ఈ ‘ఇన్‌బాక్స్ జీరో’ మాటను 2000ల్లో ప్రచారంలోకి తెచ్చిన మెర్లిన్ మాన్, ఆ సున్నా ఉత్తరాల లెక్క కాదు, మన బుర్ర ఇన్‌బాక్స్‌లో గడిపే కాలం లెక్క అని చెప్పాడు. అది ఎవరికి కావాలి! గోపీచంద్ అకాడమీ వాడి ఆఫీసుకు దగ్గర్లోనే ఉంది, షటిల్‌ను ఎంత గట్టిగా కొడితే అంత త్వరగా తిరిగొస్తుందని ఒకసారి వెళ్లి చూసినా తెలిసేది. టీ తాగి వచ్చేసరికి ముప్పై జవాబులకు నలభై జవాబులు. అవతలివాళ్లూ మడివాళ్లే మరి. నేను రెండ్రోజులకోసారి తెరుస్తాను. నన్ను ఏదో అడిగిన ఉత్తరం మీద ‘సమస్య తీరిపోయింది, థాంక్స్’ అన్న ఉత్తరం తరచూ అప్పటికే కూర్చుని ఉంటుంది.

చేతికి ఇంత వేగం ఇచ్చిన గూగుల్‌కు ఆ చేతి మీద నమ్మకం లేదు. 2009లో ప్రయోగంగా మొదలుపెట్టి, 2015లో అందరికీ, పంపిన ఉత్తరాన్ని వెనక్కి పిలిచే సదుపాయం ఇచ్చింది. గడువు 5 సెకన్ల నుంచి 30 దాకా పెంచుకోవచ్చు. మావాడు ఐదు దగ్గరే ఉంచాడు. "30 సెకన్లంటే పదిహేను మెయిళ్ల పొదుపు మామయ్యా" అన్నాడు.

ఆ మాట అంటూండగానే వాడి టీమ్ లీడ్ నుంచి ఉత్తరం వచ్చింది. ఆదివారం సాయంత్రం. టీమ్‌లో ఒక స్నేహితుడికి మాత్రమే చేరాలనుకుని "ఈయనకు ఇల్లూ వాకిలీ లేవా" అని చకచకా కొట్టి, కంట్రోల్ పట్టుకుని ఎంటర్ నొక్కాడు. ఆ తర్వాత పైనున్న పేర్లు చదివాడు. ఫార్వర్డ్‌కు ‘ఎఫ్’ నొక్కానన్న వేలు ‘ఏ’ నొక్కింది. తెర మూలన ‘అన్‌డూ’ అని చిన్న నల్లపెట్టె.

"జెడ్ నొక్కరా, జెడ్!" అని అరిచాను. అప్పుడే పట్టికలో చూశాను, వెనక్కి తీసుకోవడానికి మీట అదే. వాడికి అదేమీ వినబడలేదు. మడీ గిడీ వదిలేసి రెండు చేతులతో మౌస్ మీద పడ్డాడు. అది జారి సోఫా కిందికి పోయింది. మోకాళ్ల మీద వంగి తడుముతూ, "ఎక్కడుంది మామయ్యా, ఎక్కడుంది" అంటున్నాడు. తెర మీద నల్లపెట్టె ఆరిపోయింది.