నేను మోసిన సంతకాలు

నేనొక క్యాన్వాస్ సంచిని. 1964 జూన్ దాకా కాలేజీ పుస్తకాలు మోయడమే నా పని. ఆ నెలలో మావాడు నాలోంచి పుస్తకాలన్నీ తీసేసి రెండు జతల బట్టలు, అరెస్టయితే బెయిలుకని దాచిన డబ్బు పెట్టాడు. నన్ను భుజాన వేసుకుని ఒహాయోలోని ఆక్స్‌ఫర్డ్ ఊరికి బయల్దేరాడు.

అక్కడి వెస్టర్న్ మహిళా కాలేజీలో శిక్షణ. మిసిసిపీలో నల్లజాతివాళ్ల పేర్లు ఓటర్ల జాబితాకెక్కించడానికి వచ్చిన విద్యార్థుల్లో ఎక్కువమంది మావాడిలా తెల్లవాళ్లే. పాఠాలు చెప్పినవాళ్లలో ఆ రాష్ట్రంలో దెబ్బలు తిని, జైళ్లు చూసి వచ్చిన నల్లజాతి యువకులున్నారు. లాఠీ పడితే తలా పొట్టా కాచుకుంటూ ఎలా ముడుచుకోవాలో కూడా నేర్పారు.

మేం మిసిసిపీ సన్‌ఫ్లవర్ కౌంటీలోని రూల్‌విల్ చేరిన రోజే, జూన్ 21న, జేమ్స్ ఛేనీ, మైకేల్ ష్వెర్నర్, ఆండ్రూ గుడ్‌మన్ అనే ముగ్గురు ఉద్యమ కార్యకర్తలు నెషోబా కౌంటీలో మాయమయ్యారు. గుడ్‌మన్ మాతోపాటే శిక్షణ పొందినవాడు. ఆ కబురు విన్నాక కూడా, మాకు చోటిచ్చిన నల్లజాతి కుటుంబం మమ్మల్ని పొమ్మనలేదు. అసలు ధైర్యమంటే ఏమిటో నేను మొదట చూసింది ఆ ఇంట్లోనే.

మర్నాటి నుంచి ఇల్లిల్లూ తిరగడమే పని. పత్తిలో కలుపు తీసి అలసి వచ్చిన పెద్దలు వసారాల్లో కూర్చుని ఉండేవారు. తెల్లవాళ్లు పేరుపెట్టి పిలిచే ఆ పెద్దల్ని మావాడు ‘గారు’ అనేవాడు. వాళ్లకంటే కింది మెట్టు మీద కూర్చుని మాట్లాడేవాడు. చాలామంది మర్యాదగా “రేపు చూద్దాం సార్” అనేవారు. ఆ మాట వెనక లెక్క ఉంది. ఓటు కావాలంటే ఇండియనోలా కోర్టుకు వెళ్లాలి. రాష్ట్ర రాజ్యాంగంలో అధికారి చూపించిన సెక్షన్‌ను రాసి, దాని అర్థం వివరించాలి. అది తప్పో ఒప్పో తేల్చేది ఆ తెల్ల అధికారే. పైగా దరఖాస్తు పెట్టినవాళ్ల పేర్లు రెండు వారాలు స్థానిక పత్రికలో వేయాలని 1962లో చట్టం చేశారు. పేపర్లో పేరు కనబడితే పని పోవచ్చు, ఇల్లూ పోవచ్చు. రూల్‌విల్‌కు చెందిన ఫానీ లూ హేమర్ గారు 1962 ఆగస్టు 31న కోర్టుకు వెళ్లొచ్చిన రోజే, పద్దెనిమిదేళ్లు చాకిరీ చేసిన తోట నుంచి ఆమెను వెళ్లగొట్టారు.

అయినా కొందరు కదిలారు. ఆ వేసవిలో రాష్ట్రమంతటా సుమారు 17,000 మంది దరఖాస్తు చేస్తే 1,600 మందికే ఓటు దక్కింది. ఇలా ఓటు దక్కనివాళ్ల కోసం, రాష్ట్రంలోని తెల్లవాళ్ల డెమోక్రటిక్ పార్టీకి పోటీగా పుట్టిన మిసిసిపీ ఫ్రీడమ్ డెమోక్రటిక్ పార్టీ తన సొంత పత్రాలు పంచింది. వాటిలో రాజ్యాంగ పరీక్ష లేదు. వణికే చేతులు పెట్టిన సంతకాలతో నా కడుపు నిండింది. పుస్తకాలు మోసిన రోజుల్లో నాకు అంత బరువు తెలియలేదు.

ఆగస్టు 4న ఆ ముగ్గురి శవాలు ఒక మట్టికట్ట అడుగున దొరికాయి. ఆగస్టు 22న అట్లాంటిక్ సిటీలో డెమోక్రటిక్ పార్టీ మహాసభ కమిటీ ముందు హేమర్ గారు తనకు జరిగినదంతా చెప్పారు. మహాసభలో ఫ్రీడమ్ పార్టీకి రెండు సీట్లిస్తాం, సర్దుకోండన్నారు ఆ పార్టీ పెద్దలు. ఫ్రీడమ్ పార్టీ బృందం ఒప్పుకోలేదు. మరుసటి ఏడాది, 1965 ఆగస్టు 6న, ఓటు హక్కు చట్టం వచ్చింది. మిసిసిపీలో ఆ పరీక్షలకు అడ్డుకట్ట పడింది.

వేసవి అయ్యాక మావాడికి తిరిగి వెళ్లడానికి ఒక ఇల్లుంది, కాలేజీ ఉంది. సంతకం పెట్టినవాళ్లకు మాత్రం ఆ ఊళ్లోనే తెల్లవారాలి, ఆ యజమాని చేలోకే దిగాలి. ప్రచారానికి ఊరు దాటి వెళ్లే ప్రతి పిల్లవాడికీ నేను చెప్పేది ఇదే: తలుపు తట్టే ముందు, లోపలున్న మనిషి నీ కాగితం కోసం ఏం పోగొట్టుకోవలసి వస్తుందో తెలుసుకో. తెలుసుకుని, ఆ మనిషి పక్కన నిలబడు.