గేటు దగ్గర కూర్చోకండి

కౌలాలంపూర్‌లో విమానం మారాలా? అయితే రెండో విమానం బాగా ఆలస్యంగా ఉన్న టికెట్టే తీసుకోండి. ఎనిమిది గంటల వ్యవధి మంచిది, పన్నెండైతే మరీ మంచిది. ట్రావెల్ ఏజెంటు వద్దంటాడు, ఇంట్లోవాళ్లు అంతసేపు అక్కడేం చేస్తావంటారు. వినకండి. హైదరాబాద్ నుంచి ఎయిర్‌ఏషియాలో బాలికి, బ్యాంకాక్‌కి పోయే మనవాళ్లకు అక్కడి టెర్మినల్ దారిలో ఎదురయ్యే విసుగు మాత్రమే. నన్నడిగితే ఆ ప్రయాణంలో ముందు చూడాల్సింది అదే.

చౌక విమానాల కోసం 2006లో అక్కడ ఎల్‌సీసీటీ అని విడిగా ఒక టెర్మినల్ కట్టారు. ఏరోబ్రిడ్జిల్లేవు. ఎండైనా వానైనా విమానం దాకా నడిచి మెట్లెక్కాల్సిందే. 2014 మే 2న దాని స్థానంలో కేఎల్‌ఐఏ2 తెరిచారు. ఇప్పుడు టెర్మినల్ 2 అంటున్నారు. ఏడాదికి 4.5 కోట్ల మందికి సరిపోయేలా కట్టారు. ఏరోబ్రిడ్జిలు అక్కర్లేదని ఎయిర్‌ఏషియా అన్నా విమానాశ్రయం వాళ్లు పెట్టారు. నా ఓటు వాళ్లకే. టికెట్టు చౌకైతే మాత్రం మోకాళ్ల నొప్పులున్న పెద్దావిడ వానలో మెట్లెక్కాలా?

సామాను చెక్-ఇన్ చేయకండి. చేతి సంచికి ఏడు కిలోలు ఒప్పుకుంటారు, మీరు ఐదుకే ఆపండి. రెండు జతల బట్టలు చాలు. బరువు తూచే చోట కాసేపు నిలబడితే ఎందుకో తెలుస్తుంది: సంచి విప్పి, స్వెట్టరు తీసి, ఆ ఉక్కలో పిల్లాడికి తొడిగి, మళ్లీ తూకానికి పెట్టే తల్లులు కనిపిస్తారు. ఆ కంగారు మీకొద్దు.

ఇమిగ్రేషన్ దాటి బయటికి రండి. 2023 డిసెంబరు నుంచి మనకు 30 రోజుల దాకా వీసా లేకుండానే రానిస్తున్నారు. బయల్దేరే ముందు నిబంధన మారిందేమో చూసుకుని, అరైవల్ కార్డు ఆన్‌లైన్‌లో నింపుకోండి. టెర్మినల్‌కి ఆనుకునే పెద్ద మాల్ ఉంది. షాపులు వదిలేయండి, ఫుడ్‌కోర్టులో కూర్చోండి. తెలుగులో గట్టిగా మాట్లాడండి. నెమ్మదిగా మాట్లాడటం మర్యాదంటారు గానీ ఇక్కడ వద్దు. ఈ విమానాశ్రయం కట్టింది ఒకప్పటి తోటల నేల మీద. మలయా తోటల్లో కూలికి ఓడలెక్కి వెళ్లిన మన ఉత్తరాంధ్ర వాళ్ల మనవలు, మునిమనవలు పేరాక్ రాష్ట్రంలో, బగాన్ దాతోక్ వైపు ఇప్పటికీ ఉన్నారు. పక్క బల్ల నుంచి ఎవరైనా తల తిప్పి “ఏ ఊరండీ?” అంటే, ఎనిమిది గంటలూ చాలవు.

తిరిగి లోపలికొచ్చాక గేటు దగ్గర కుర్చీ వెతుక్కోకండి. పీ, క్యూ గేట్లు స్కైబ్రిడ్జి అనే ఎత్తైన వంతెన అవతల ఉంటాయి. మీ గేటు ఇవతలున్నా వంతెనెక్కండి. ట్రావెలేటర్ మీద కాదు, నేల మీద నడవండి. మధ్యలో అద్దం దగ్గర ఆగితే, ఎర్రటి ఏ320 ఒకటి మెల్లగా వచ్చి మీ కాళ్ల కిందుగా అవతలికి వెళ్లిపోతుంది. రెక్క చివర వంపు, పైకప్పు మీది మరకలు కూడా కనిపిస్తాయి. విమానాన్ని పైనుంచి ఇంత దగ్గరగా చూడటం మామూలు ప్రయాణికుడికి దొరికేది కాదు. ఒక్కదాన్ని చూసి కదిలిపోకండి, ఇంకోటి వచ్చేదాకా ఆగండి.

ఒక్క విషయంలో మాత్రం గట్టిగా ఉండండి. విమానం బయల్దేరడానికి ఇరవై నిమిషాల ముందే గేటు మూసేస్తారు, కాబట్టి వంతెన మీద వాచీ చూసుకునేటప్పుడు టికెట్టు మీది టైము కాదు, గేటు మూసే టైము లెక్కేసుకోండి.