పోటీ బండ

మాది చీమకుర్తి. ఒంగోలు పక్కన క్వారీలో పుట్టాను. నల్లటి ఒళ్ళు, అందులో బంగారు చుక్కలు. ఆ చుక్కలు బ్రాంజైట్ అనే ఖనిజం రేకులు. పాలిష్ పట్టాక అవి మెరిసే తీరు చూసే మా జాతికి బ్లాక్ గెలాక్సీ అని పేరు పెట్టారు. నాతోపాటు కోసిన రాళ్ళన్నీ ఓడలెక్కి పరదేశాల్లో హోటళ్ళ గోడలకీ నేలకీ చేరాయి. నా ఒంట్లో అడ్డంగా ఒక తెల్లచార ఉంది. ఎగుమతికి పనికిరాదని గట్టున పడేశారు. కొన్నాళ్ళకి ఎవరో బేరమాడి, ట్రాక్టరు మీద వేసుకుని, పర్చూరు–ఇంకొల్లు వైపు నల్లరేగడిలోకి తోలుకొచ్చారు. శనగ, పొగాకు, పత్తి, మిరప పండే ఊరు. నాకు బెజ్జాలు కొట్టి, ఇనప కొక్కేలు దిగేసి, కాటా వేయించి, వీపు మీద తెల్లరంగుతో బరువు రాశారు. అప్పట్నించీ చాలా ఏళ్ళు సంక్రాంతికి ఎడ్ల పోటీల్లో లాగిన బండని నేనే.

మా పోటీ తీరు వేరు. బరిలోకి ఒక్కో జతే వస్తుంది. ఇచ్చిన టైములో నన్ను ఎంత దూరం లాగితే అంత లెక్క. టేపు పెట్టి అడుగుల్లో కొలుస్తారు. ఏ జతా ఇంకో జతకి అడ్డుపడదు, కాలు తగలదు. కళ్ళెదట అవతలి జత కూడా ఉండదు. మొదటి జతకి నేనెంత బరువో ఆఖరి జతకీ అంతే. ఈ ఒక్క మాట మీదే పోటీ అంతా నిలబడింది. నేల మాత్రం మారుతుంది. పొద్దుటి మంచుకి కాస్త తడిగా ఉంటే నన్ను పట్టుకుంటుంది, ఎండెక్కి దుమ్ము లేచేసరికి వదిలేస్తుంది. అందుకే వరస కోసం చీటీలు తీస్తారు. ముందు చీటీ వచ్చిన ఆసామి ముఖం మాడ్చుకుని పగ్గాలు సవరించుకుంటుంటే, వెనక చీటీ ఆసామి టీ తాగుతుంటాడు.

ఇక విభాగాలు పళ్ళను బట్టి. పాలపళ్ళు, రెండు పళ్ళు, నాలుగు పళ్ళు, ఆరు పళ్ళు, ఆపైన పెద్దవి. గిత్తకి కింది దవడ ముందుపళ్ళే చూస్తారు, పై దవడకి ముందుపళ్ళు ఉండవు. రెండేళ్ళు దాటాక మొదటి జత పాలపళ్ళు ఊడి గట్టిపళ్ళు వస్తాయి. అక్కణ్ణించి జత తరవాత జత. అయిదేళ్ళు వచ్చేసరికి ఎనిమిదీ పూర్తి. కమిటీవాళ్ళు పెదవి ఎత్తి చూస్తారు, రాసుకుంటారు. వాదన ఉండదు.

పోటీలో స్టాపువాచీ పట్టుకునేది మా ఊరి హైస్కూలు పీఈటీ. పెద్దవాళ్ళింకా డ్రిల్లు మాస్టారనే అంటారు. పళ్ళు చూసే దగ్గరికి వచ్చినప్పుడల్లా ఆయనది ఒకటే మాట. "మా అండర్-14 పిల్లలకి కూడా ఇట్టా నోరు తెరిపించి చూసే వీలుంటే సగం గొడవలు తగ్గేయి. కొన్ని టీముల్లో మీసాలొచ్చినోళ్ళు సర్టిఫికెట్టు ప్రకారం పదమూడేళ్ళోళ్ళు. ఎడ్లకి సర్టిఫికెట్లు లేకపోబట్టి మీ పోటీ బాగుంది." స్కూల్ గేమ్స్ ఫెడరేషన్ 1954లో పుట్టింది. అండర్-14, 17, 19 అని వయసు గీతలు గీసి ఆడిస్తుంది. గీత ఉన్నచోట దాని మీద నిలబడేవాడు ఒకడు ఉంటాడు కదా.

ఏళ్ళ తరబడి లాగించుకుంటే నాకేమైందో కూడా చెప్పాలి. వీపు ఇప్పటికీ గరుకే, ఉలి దెబ్బలు అట్టాగే ఉన్నాయి. కడుపు మాత్రం నున్నగా అరిగిపోయింది. క్వారీలో మిషను మీద పట్టాల్సిన పాలిషు నాకు ఈ మట్టీ ఈ గిత్తలూ పట్టాయి. ఒకసారి పిల్లలు గడ్డపారలేసి నన్ను పక్కకి ఎత్తితే, అడుగున బంగారు చుక్కలు బయటపడ్డాయి. ఎగుమతైన మా వాళ్ళకి ఏం తీసిపోలేదు.

తరవాత కమిటీ ఇంకా పెద్ద బండ తెచ్చింది. నన్ను హైస్కూలు గ్రౌండు మూల వేపచెట్టు కిందికి దొర్లించారు. మాస్టారికి నేనే కుర్చీ.

గ్రౌండంటే గొప్పగా ఊహించుకోవద్దు. నల్లరేగడి. వానొస్తే కాలికి శేరు మట్టి అంటుకుంటుంది, ఎండాకాలం వస్తే నెర్రెలు తీసి పిల్లల మడమలు మింగుతుంది. కబడ్డీ కోర్టు వరకూ ఎర్రమట్టి తోలించి రోలరు తిప్పించారు. ఖోఖోకి రెండు పోల్సు పాతారు. గీతలు సున్నంతో రోజూ మాస్టారే గీస్తారు. ఆటల పీరియడు మీద అందరికీ కన్నే. పదో తరగతి వాళ్ళ పీరియడు లెక్కల మాస్టారికి, తొమ్మిదో తరగతి వాళ్ళది ఇంగ్లీషు మేడానికి పోతుంది. ఆయనేమీ కొట్లాడరు. బెల్లు కొట్టాక సాయంత్రం నాలుగింటికి మొదలుపెట్టి, బంతి కనపడనంత చీకటి పడేదాకా ఆడిస్తారు. గుంటూరు హాస్టళ్ళలో చదివే మా ఊరి పిల్లలు సెలవులకొచ్చి గోడ మీద కూర్చుని చూస్తారు. వాళ్ళకి ర్యాంకుల పోటీ ఉంది, గ్రౌండు లేదు. ఒకసారి వాళ్ళలో ఒకణ్ణి మాస్టారు కబడ్డీలోకి దింపితే, మొదటి కూతకే పట్టేశారు. మట్టి దులుపుకుంటూ లేచి వాడు నవ్విన నవ్వు, ఆ ర్యాంకులు చూసుకున్నప్పుడు నవ్వుతాడో లేదో!

ఓ ఏడు స్పోర్ట్సు డే ముందు స్టాఫు మీటింగు చెట్టు కిందే పెట్టారు. ఓడిన పిల్లలు చిన్నబుచ్చుకుంటున్నారు, పాల్గొన్న అందరికీ మెడల్సు ఇద్దామని ఒక టీచరు అన్నారు. మంచి మనసుతోనే అన్నారు. మాస్టారు ఒప్పుకోలేదు. "ఎవరు ముందొచ్చారో మనకన్నా పిల్లలకే బాగా తెలుసు మేడం. మెడలో బిళ్ళేస్తే వాళ్ళు నమ్మరు, మనం అబద్ధమాడామని మాత్రం గుర్తుపెట్టుకుంటారు" అన్నారు. ఆయన పద్ధతి వేరే. జోను ఆటల్లో మా టీము ఓడిపోతే వెంటనే బస్సెక్కనివ్వరు. కూర్చుని ఫైనలు చివరిదాకా చూడాలి, గెలిచిన ఊరికి చప్పట్లు కొట్టాలి. తిరుగు బస్సులో, తమని ఓడించినోళ్ళలో ఎవరేం బాగా ఆడారో ఒక్కొక్కరూ చెప్పాలి. ఏడుస్తూ అయినా సరే. "ఊరి పరువు తీశారు" అన్న మాట ఎవరి నోటొచ్చినా, అది సర్పంచి నోరైనా సరే, ఆయనకి ఒళ్ళు మండుతుంది.

మా ఊరికి నాగండ్ల దగ్గరే. పుల్లెల గోపీచంద్ 1973లో పుట్టింది అక్కడ. పెరిగింది, ఆడింది హైదరాబాదులో అనుకోండి. 2001లో ఆల్ ఇంగ్లండ్ బ్యాడ్మింటన్ ఫైనల్లో చైనా ఆటగాడు చెన్ హాంగ్‌ని 15–12, 15–6తో ఓడించాడు. 1980లో ప్రకాశ్ పడుకోన్ గెలిచాక ఆ కప్పు మళ్ళీ మనవాడి చేతికి రావడం అదే. స్పోర్ట్సు డేకి వచ్చే ప్రతి ముఖ్య అతిథీ మైకు పట్టుకుని "మీరూ గోపీచంద్ కావాలి" అనే పోతాడు. ఈమధ్య జాబితా పెరిగింది. 2018లో బ్యాడ్మింటన్‌లోనే ప్రపంచ నంబర్ వన్ అయిన గుంటూరు శ్రీకాంత్, 2022లో అండర్-19 క్రికెట్ ప్రపంచ కప్పు గెలిచిన జట్టుకి వైస్ కెప్టెన్‌గా చేసిన గుంటూరు షేక్ రషీద్. మాస్టారు ఆ పేర్లు చెప్పే తీరు ఇంకోరకం. గోపీచంద్ అంటే కప్పు కన్నా ముందు మోకాలికి జరిగిన ఆపరేషన్లు చెబుతారు, కప్పు గెలిచాక కూల్‌డ్రింకు ప్రకటన కాదన్న సంగతి చెబుతారు. రషీద్ అంటే సెమీఫైనల్లో ఆస్ట్రేలియా మీద కొట్టిన 94 పరుగులు చెప్పి, వెంటనే వాళ్ళ నాన్న సంగతి ఎత్తుకుంటారు. కొడుకుని మంగళగిరి దాకా ప్రాక్టీసుకి తిప్పడంలో ఉద్యోగాలు పోగొట్టుకున్నాడని పేపర్లో వచ్చింది. "ఆ తొంభైనాలుగులో ఆయనవెన్నో ఎవరు లెక్కేశారు?" అని నా వీపు మీద చేత్తో తడతారు.

ఆయన తట్టిన చోటే ఒకప్పుడు నా బరువు రాసి ఉండేది. గిత్తల ముందు నా బరువు అందరికీ కనపడేది. పిల్లలు గీత దగ్గరికి లాక్కొచ్చే బరువు ఎవరి వీపు మీదా రాసుండదు. ఖోఖోలో మా ఊరి ఆడపిల్ల ఒకతి ఉంది. పోల్ దగ్గర చెయ్యేసి ఒంటికాలి మీద తిరిగిందంటే, వెంటపడ్డ పిల్ల, ఈ పిల్ల ఎటు పోయిందో చూసుకోవాల్సిందే. దసరా దాటాక పత్తి తీతలు మొదలవుతాయి. అప్పుడు ఆ పిల్ల నాలుగింటికి వచ్చినా పోల్ గట్టిగా పట్టుకోదు. విచ్చిన పత్తికాయ డిప్పల కొనలు సూదుల్లా ఉంటాయి, వేళ్ళ చివర్లన్నీ గీసుకుపోయి ఉంటాయి. సంక్రాంతి తరవాత మిరపకోతలు. అప్పుడు గీతలు ఉండవు, మంట ఉంటుంది. చెమట పట్టిన ముఖం చేత్తో తుడుచుకుందా, ఆ పూట ఆట అయిపోయినట్టే.

ఓ అక్టోబరులో సెలక్షన్లకి వారం ఉందనగా ఆ పిల్లా ఇంకో ఇద్దరూ రావడం మానేశారు. ఎడ్ల ఆసామి చేలోనే తీతలు. నన్ను ఎక్కువ అడుగులు లాగిన గిత్తలు ఆయనవే. వాటికి పత్తిగింజలు, ఉలవలు, తెలగపిండి, చలికాలం గుడ్లు. దుక్కి ట్రాక్టరు దున్నుతుంది, గిత్తలు దున్నవు. మా పోటీలే లేకపోతే ఒంగోలు జాతి గిత్తని మా ఊళ్ళో ఎవరూ కట్టేసుకోరు, ఈ జాతిని పెంచే బ్రెజిల్ వెళ్ళి చూడాల్సిందే. ఆసామి సాయంత్రం గిత్తల్ని నడిపించుకుంటూ గ్రౌండు పక్కగా వస్తే మాస్టారు పిలిచారు.

"పోటీకి ముందు వీటిని కాడికి కడతావా బాబాయ్?"

"భలేవారే మాస్టారూ! నెల ముందునించే బరువు పని చెప్పం. కండ బిగుసుకుపోద్ది గదా."

"మరి నా పిల్లల్ని నీ చేలోకి తోలుకుపోతివే."

ఆసామి గిత్త గంగడోలు నిమురుతూ ఉండిపోయాడు. కాసేపటికి, "వాన కబురుంది మాస్టారూ. తడిస్తే పత్తి రంగు మారుద్ది. ఆళ్ళమ్మలు కూలీకొచ్చేప్పుడు పిల్లల్ని తెచ్చుకుంటే నేనేం చేసేది?" అన్నాడు. అదీ నిజమే. కిలోల లెక్కన కూలి, చేతులెక్కువైతే ఇంటికొచ్చే డబ్బులెక్కువ. ఆ ఏడు ముగ్గురిలో ఒక్కతే సెలక్షన్లకి వెళ్ళింది. జోనులో మా టీము ఓడింది. ఫైనలు చూసే వచ్చారు.

తరవాతి ఏడు ఆసామి తనంతట తానే వచ్చి నా మీద మాస్టారి పక్కన కూర్చున్నాడు. ఖోఖో సెలక్షన్లు ఏ తారీకని అడిగాడు. మాస్టారు చెప్పారు. వేళ్ళ మీద లెక్కేసుకుని, "ఆ వారం ఇద్దర్ని వదిలేయమని ఆళ్ళమ్మలకి చెబుతా, కూలి నేను సర్దుతా" అన్నాడు. మాస్టారు ముగ్గురన్నారు. ముగ్గురంటే కుదరదన్నాడు ఆసామి. "సరే అయితే, సంక్రాంతికి టైము చూసేదానికి వేరేవాళ్ళని పెట్టుకోండి" అన్నారు మాస్టారు, స్టాపువాచీ జేబులో వేసుకుంటూ. బేరం ఇంకా తెగలేదు.