అరుగు మీద టైపు మిషను

మా పొన్నేరిలో పెన్షన్‌దారులు రెండు రకాలు. ఒకరు పొద్దున్నే ఆరణి గట్టున నడుస్తారు, రెండోవారు సంగీతం నేర్చుకుంటారు. మొదటివాళ్లతో ఎవరికీ ఇబ్బంది లేదు.

ఎదురింటి మామ రెండో రకం. సర్కారు ఆఫీసులో ముప్పయ్యేళ్లు టైపిస్టు. కొన్నది బుల్‌బుల్ తార. కొందరు బ్యాంజో అంటారే, అది. 1912లో జపాన్‌లో పుట్టిన తైషోగోతోకి మనదేశపు చెల్లెలు. కుడిచేత్తో తీగలు మీటుతూ ఎడమచేత్తో బొత్తాలు నొక్కాలి. ఆ బొత్తాలు చూసి, "విద్య సగం వచ్చేసినట్టే" అన్నాడు మామ. వచ్చిన సగం ఏదో త్వరలోనే తెలిసింది: లైను అయిపోగానే ఎడమచెయ్యి దానంతటదే పెట్టెను కుడివైపుకు తోసేది. పల్లవికి అరుగు నడుమనున్న పెట్టె చరణానికి అంచుకు చేరేది.

పెట్టె చిన్నదే గానీ ఆశ పెద్దది. ద్వారం వెంకటస్వామి నాయుడి ఫిడేలు విని, అలా తోడి పలికించాలన్నాడు. తోడిలో గాంధారం ఉయ్యాలలా ఊగాలి. మామ బొత్తం నొక్కితే అది అటెన్షన్‌లో నిలబడేది.

"పాలకొల్లు పిల్లాడు శ్రీనివాస్ మాండలిన్ మీద గమకం పలికించలేదా, అల్లుడూ?"

"ఆయన వేలు తీగ మీద జారింది మామా. నీకూ తీగకూ నడుమ బొత్తం ఉంది."

అలిగి నాల్రోజులు పెట్టె తెరవలేదు. వీధి హాయిగా నిద్రపోయింది.

అయిదో రోజు ఏదో పుస్తకంతో వచ్చాడు. మనకు దక్షిణాన మణలిలో ముదలియార్ల అండన ఉన్న దీక్షితుల కుటుంబం కథ అది. తమ్ముడు బాలుస్వామి దొర దగ్గర ఫిడేలు నేర్చి కర్ణాటక సంగీతంలోకి తెచ్చాడు. తిరుత్తణిలో తొలి కృతి పలికిన అన్న ముత్తుస్వామి దీక్షితులు దొరల బాణీలకు సంస్కృత సాహిత్యం కట్టాడు. అవే నొట్టుస్వరాలు, అన్నీ శంకరాభరణమే. గమకం లేదు, స్వరం ఎక్కడిదక్కడ నిలబడుతుంది.

"నా పెట్టె కోసమే రాసిపెట్టాడు మహానుభావుడు!"

నెల తిరిగేసరికి 'సంతతం పాహిమాం' చేతికొచ్చింది. ఒక సాయంత్రం గుమ్మిడిపూండి లోకల్ వెళ్లాక మొదలుపెట్టాడు. తొంభై దగ్గరపడ్డ పక్కింటి అవ్వ, కర్ర ఊతతో లేచి నిటారుగా నిలబడింది. మామ కళ్లు చెమర్చాయి.

"అమ్మవారి పాట కదా, అవ్వా!"

"ఏ అమ్మవారో నాయనా. తెల్లోళ్ల కాలంలో బళ్లో రాజుగారి పాటని ఈ బాణీకే రోజూ నిలబెట్టి పాడించేవాళ్లు. కాళ్లే లేచినాయి."

మామ చెయ్యి ఆగలేదు. లైను అయింది; పెట్టె జానెడు జరిగింది; పాట మళ్లీ మొదటికొచ్చింది. కూచోబోతున్న అవ్వ మళ్లీ లేచింది.