మూడొందల మీటర్ల లోతు

మా బావగారి వాచీ 300 మీటర్ల లోతు నీళ్లలో పడినా చెక్కుచెదరదట. ఆయన ఇంతవరకూ దిగిన లోతు మాత్రం పుష్కరాల్లో మోకాలి దాకా. అదీ వాచీ తీసి మా అక్క చేతికిచ్చి మరీ!

మొన్న ముల్లు ఆగింది. బ్యాటరీ అయిపోయిందంతే. షోరూంలో ముందు చల్లటి నీళ్లిచ్చారు, తర్వాత ఎస్టిమేటు ఇచ్చారు. ఆ నీళ్లెందుకో అప్పుడర్థమైంది.

లోపలున్నది 1.55 వోల్టుల సిల్వర్ ఆక్సైడ్ బిళ్ల, చొక్కా గుండీ అంత. వెనక మూత విప్పితే రబ్బరు రింగు మార్చాలి, మళ్లీ పీడన పరీక్ష చెయ్యాలి. ఇంతవరకూ న్యాయమే, నలిగిన రింగుతో మూసేస్తే నీరు దూరుతుంది. అక్కడితో ఆగితేనా? "ఎలాగూ విప్పుతున్నాం కద్సార్" అంటూ ఫుల్ సర్వీసు, గీతలకు పాలిషు, ముంబై ప్రయాణం, ఆరు వారాల మకాం. వెరసి పద్దెనిమిది వేలు. పెళ్లికొడుక్కి కూడా ఇన్ని లాంఛనాలుండవు.

కోఠిలో ఫుట్‌పాత్ మీద, కంటికి భూతద్దం బిగించుకున్న పెద్దాయన చూసి, "రెండొందలు, పది నిమిషాలు. తర్వాత నీళ్లలో ముంచితే మాత్రం నన్నడగొద్దు" అన్నాడు. అంత నిజాయితీ తట్టుకోలేక బావగారు మళ్లీ షోరూం మెట్లెక్కారు.

ఇప్పుడు వాచీ ముంబైలో, ఆయన మలక్‌పేటలో. టైమెంతని అడిగితే బోసి మణికట్టు ఓసారి చూసుకుని, జేబులోంచి ఫోను తీస్తున్నారు.